పటంలో ఐదో మనిషి

నరసరావుపేట,
12-6-1945

ప్రియమైన బావకు,

విశాఖపట్నం నుంచి మీరు పంపిన గ్రూపు ఫోటో చేరింది. మీ అమ్మ, మా కృపమ్మత్తయ్య, దాన్ని వీధంతా తిప్పి చూపించింది. ఒక్కో ఆఫీసరు గురించీ ఉత్తరంలో ఒక్కో వాక్యం రాశారు. సముద్రంలో మందుపాతరలు ఏరినవారొకరు, బర్మాలో అరకాను ఒడ్డున సైన్యాన్ని దించినవారొకరు, సరుకు ఓడలకు కాపలా వెళ్లినవారొకరు. నాలుగోవారు మీరు, మీ గురించి మాత్రం మూడు వాక్యాలు. మీ పక్కనే, తెల్లచీర భుజాన ఆఫీసరు పట్టీలతో నిలబడిన ఐదో మనిషి గురించి ఒక్క ముక్క లేదు. ఎందుకు లేదు బావా?

ఆ ఫోటో బడికి పట్టుకెళ్లాను. ఆడపిల్లలకు చరిత్ర చెప్పేదాన్ని, మొగుడి గొప్ప చూపించుకోవద్దూ! నలుగురి గురించీ చెప్పాను. వెనక బెంచీలోంచి ఆదెమ్మ లేచి, "టీచరమ్మా, మరి ఈమె ఏం జేసింది?" అంది. బి.ఏ. చదివినదాన్ని, ఫోటో పుస్తకంలో దాచేసి పాఠం మొదలుపెట్టాను. అప్పటినుంచీ ఆ ముఖమే చూస్తున్నాను. పెద్ద అందగత్తేం కాదు, కళ్లకింద నలుపు. కానీ నవ్వలేదు, మీవైపు ఒరగలేదు, ఎవరినీ అడగక్కర్లేనట్టు నిలబడింది. అదే ఎక్కువ గుచ్చుకుంటోంది.

"మగాళ్ల పటంలో ఆడదేందే? ఆ కొస మడిచి ఫ్రేము కట్టిద్దాం" అంది అత్తయ్య. నేను వద్దనలేదు.

ఆమె ఎవరు? జవాబు వచ్చేదాకా నా పేరు ముందు 'మీ' అని రాయలేను.

ఉత్త దయామణి

---

నరసరావుపేట,
3-7-1945

బావకు,

"ఆమె ఖైరున్నీసా. గదిలో కూర్చుని గోడ మ్యాపు మీద ఓడల గుర్తులు జరుపుతుంది. తుఫానులో మా లాంచి ఇంజను ఆగినప్పుడు, ఎటు కొట్టుకుపోయి ఉంటామో గాలినిబట్టి లెక్కవేసి ఓడను పంపించింది. అది ఆమె ఉద్యోగం, రాయడానికేముంది?" అని జవాబు రాశారు. నమ్మాను. అబద్ధమాడేవాడు ఇంత మొద్దుగా రాయడు.

ఫ్రేము నేనే విప్పి మడత సాపు చేశాను. ఆమె ముఖం మీద పడ్డ గీత మాత్రం పోలేదు. ఆదెమ్మకు జవాబు చెప్పాను. అత్తయ్యకు మీ ఉత్తరం చదివి వినిపిస్తే, "అయితే నా బిడ్డను ఒడ్డుకు జేర్చింది ఈ పిల్లా!" అని ఆ గీతను కొంగుతో తుడుస్తూ కూర్చుంది.

నా కుళ్లు తీరిందనుకోకండి. మొన్నటిదాకా ఆమె మీ పక్కన నిలబడిందని కుళ్లుకున్నాను. ఇప్పుడు మీరు ఆమె పక్కన నిలబడ్డారని కుళ్లుకుంటున్నాను. ఆ చోటు నాకు కావాలి బావా. నౌకాదళం ఆడవాళ్ల విభాగానికి నిన్న దరఖాస్తు పంపాను. ఇది మీ అనుమతి కోసం రాస్తున్న ఉత్తరం కాదు.

కేకలేస్తుందనుకుంటూనే అత్తయ్యకు చెప్పాను. బియ్యంలో రాళ్లేరుతూ తలెత్తకుండానే అంది:

"పో, నేనేమన్నా కాళ్లకడ్డం పడ్డానా? అక్కడ నువ్వు దిగిన పటం మాత్రం పంపు. ఎవురేం జేశారో ఈసారి నువ్వు రాయి. నా కొడుక్కు రాయటం చేతగాలా."

మీ
దయామణి