చలికి నూట అరవై, ఎండకి తొంభై ఆరు

కోటబొమ్మాళి,
జనవరి 9.

గౌరవనీయులైన కాలేజీ బస్సుల ఇన్‌చార్జి రమేష్‌బాబు గారికి,

మూడో నంబరు బస్సు డ్రైవరు చినబాబు నమస్కరించి రాసుకుంటున్న విన్నపం.

నిన్నటి పరీక్షలో నా బీపీ నూట అరవై అని రాసి, బస్సు తాళం లాక్కున్నారు. ఆ పరీక్ష ఎక్కడ జరిగింది? తెల్లవారుజామున ఐదున్నరకి, మంచులో, గోడల్లేని షెడ్డులో. కోటబొమ్మాళి నుంచి బండి మీద శ్రీకాకుళం వచ్చినవాణ్ణి అప్పటికప్పుడు స్వెట్టరు విప్పించి చూశారు. చలికి రక్తనాళాలు బిగుసుకుంటాయని, కాసేపు వెచ్చగా కూర్చోబెట్టి చూడాలని మా డాక్టరమ్మ హైమ గారు చెప్పారు. ఆవిడ చూస్తే నూట ముప్ఫై ఉంది.

నవంబరులో నాకు అరవై నిండుతాయి. అప్పటిదాకా బస్సు నడిపి, తాళం నా చేత్తో నేనే అప్పజెప్పాలని ఆశ. మళ్ళీ పరీక్ష చేయించండి.

విధేయుడు,
చినబాబు

తా.క. చలికి మిషను పనిచేయడం లేదని మీ గుమాస్తా దాన్ని శాలువాలో చుట్టాడు. నాకు శాలువా ఇవ్వలేదు.

శ్రీకాకుళం,
జనవరి 27.

డ్రైవరు చినబాబుకు,

మీ ఉత్తరం అందినది. చలికి మీ బీపీ పెరుగుతుందని మీరే రాసి సంతకం పెట్టారు. కనుక చలికాలంలో మీకు బస్సు ఇవ్వలేము. రెట్టింపు మోతాదు మాత్రలు పంపుతున్నాము. వేసుకుని మే నెలలో రండి.

ఇట్లు,
రమేష్‌బాబు

తా.క. మీరు మరిచిపోయిన స్వెట్టరు మా గుమాస్తా వేసుకుంటున్నాడు. వేసవిలో తిరిగి ఇస్తాడు.

కోటబొమ్మాళి,
మే 18.

రమేష్‌బాబు గారికి నమస్కారాలు.

నిన్న మిట్టమధ్యాహ్నం రేకుల కింద మూడు గంటలు వరసలో నిలబెట్టి చూశారు. తొంభై ఆరు వచ్చింది. ఎండకి బీపీ పడిపోతుందండీ. పైగా మీరు పంపిన రెట్టింపు మాత్రలు కడుపులో ఉన్నాయి. ఇందులో నా తప్పేముంది?

మా ఆవిడ నారాయణమ్మ, "సలికి పనికిరావు, ఎండకి పనికిరావు. మరి ఏ కాలానికి పనికొస్తావో ఆ ఆఫీసోల్నే అడుగు" అంటోంది. అందుకే అడుగుతున్నాను.

విధేయుడు,
చినబాబు

తా.క. స్వెట్టరు ఇచ్చారు. పరీక్షకు ముందే తొడుక్కుని చూసి, నాదేనని సంతకం పెట్టమన్నారు.

శ్రీకాకుళం,
జూన్ 30.

డ్రైవరు చినబాబుకు,

ఎండకి మీ బీపీ తగ్గుతుందని కూడా మీరే ఒప్పుకున్నందుకు సంతోషం. ఇక ఎండాకాలంలోనూ మీకు బస్సు ఇవ్వలేము. ఎండా చలీ లేని రోజు చూసుకుని రండి.

ఇట్లు,
రమేష్‌బాబు

తా.క. తుపాను రోజుల్లో రావద్దు. ఆఫీసుకు సెలవు.

శ్రీకాకుళం,
నవంబరు 14.

చినబాబు గారికి,

శుభవార్త. ఎండా చలీ లేని నవంబరు 12న జరిగిన పరీక్షలో మీ బీపీ నూట ఇరవై నాలుగు. బస్సు నడపడానికి మీరు అన్ని విధాలా అర్హులు. అయితే అదే రోజుతో మీకు అరవై ఏళ్ళు నిండినందున మీ సేవలు ముగిసినవి.

ఇట్లు,
రమేష్‌బాబు

తా.క. వీడ్కోలు సభ జనవరి 8న ఉదయం ఐదున్నరకి, బస్సు షెడ్డులో. మీకు శాలువా కప్పుతాము.

కోటబొమ్మాళి,
నవంబరు 17.

అయ్యా రమేష్‌బాబు గారూ,

మీ ఉత్తరం చదివి లేచేసరికి కళ్ళు తిరిగాయి. ఆశా కార్యకర్త అనూరాధ వచ్చి చూస్తే నూట ఎనభై నాలుగు. "ఇదేటి మావా! సలీ లేదు, ఎండా లేదు. ఇంతెలా పెరిగిపోనాది?" అంది. ఉత్తరం చేతికిచ్చాను.

పది నెలలు తాళం కోసం తిరిగాను. నాకు కోపంగా ఉంది, ఏడుపూ వస్తోంది. ఇన్నాళ్ళూ అనవసరంగా వాతావరణాన్ని ఆడిపోసుకున్నాను.

ఇక సెలవు,
చినబాబు

తా.క. ఆ శాలువా మిషనుకే కప్పండి. దానికింకా సర్వీసు ఉంది.