మేత మేసిన మరుగుదొడ్ల సొమ్ము

గుమ్మళ్ళలంక,
జూన్ 21.

గంగారత్నం అక్కయ్యగారికి ప్రభువు నామంలో క్యాథరిన్ వందనాలు. మేమంతా క్షేమం. తాడేపల్లిగూడెంలో మీరూ, నూకరాజు బావగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

మన హైస్కూలు తల్లిదండ్రుల కమిటీకి మీ తరవాత నన్ను కోశాధికారిని చేశారు కదండీ. మీరు ఊరు మారే హడావిడిలో రిజిస్టరు నా చేతిలో పెడితే, నిల్వ ముప్పై ఎనిమిది వేలు ముట్టినట్టు సంతకం పెట్టేశాను. ముట్టింది రిజిస్టరు ఒక్కటేనని తరవాత తెలిసింది. బ్యాంకులో రెండు వందల పది రూపాయలున్నాయి.

ఆడపిల్లల మరుగుదొడ్లకి తలుపుల్లేవు, నీళ్లు లేవు. మా ప్రసన్నకుమారి తొమ్మిదో తరగతికొచ్చింది. పొద్దున్న బడికెళ్లిందగ్గర్నుంచి సాయంత్రం ఇంటికొచ్చేదాకా గుక్కెడు నీళ్లు తాగదు. ఈ ఏడాది మరుగుదొడ్లు కట్టించి తీరతానని మీటింగులో లేచి నిలబడి చెప్పాను. సొమ్ము ఎక్కడ దాచారో కాస్త చెప్పండి.

మీ చెల్లెలు,
క్యాథరిన్

తా.క. ఫోన్ చేద్దామంటే, వాట్సాప్ గ్రూపులో కొట్టుకున్నాక డబ్బు సంగతులన్నీ ఉత్తరాల్లోనే నడపాలనీ, వాటిని మీటింగులో పైకి చదవాలనీ తీర్మానం చేశాం కదా. ఆ తీర్మానం మాత్రం వాట్సాప్‌లోనే చేశాం.


తాడేపల్లిగూడెం,
జులై 9.

చెల్లెమ్మ క్యాథరిన్‌కి గంగారత్నం ఆశీస్సులు.

ఇది మీటింగులో చదువుతావు గనక అందరికీ నమస్కారాలు. ప్రెసిడెంటు బాపిరాజు గారికి ప్రత్యేకంగా రెండు.

సొమ్ము భద్రంగా ఉందమ్మా. ఎండలకి కాస్త డీలా పడిందిట గానీ, వానలు మొదలయ్యాక తేరుకుంది. పూటపూటా చూసుకునే మనిషున్నాడు. ఏడాది పూర్తి కాగానే పైసాతో సహా లెక్క చెబుతాను. అందాకా నన్నేమీ అడగొద్దు.

నీ అక్క,
గంగారత్నం

తా.క. మేత ఖర్చు మన మీద పడదు. నిశ్చింతగా ఉండు.


గుమ్మళ్ళలంక,
ఆగస్టు 18.

మాజీ కోశాధికారి శ్రీమతి గంగారత్నం గారికి,

మీ ఉత్తరం మీటింగులో చదివాను. ‘మేత’ దగ్గరకొచ్చేసరికి జనం లేచి నిలబడ్డారు. మీరు కమిటీ సొమ్ముతో గేదెను కొన్నారని పాపాయమ్మ గారు తేల్చేశారు. ఉల్లిపాయలకి గూడెం వచ్చిన మన ఊరి కుర్రాడు విశ్వాసం మీ వాకిట్లో గేదెను కళ్లారా చూశాడు. చూడిదో కాదో మాత్రం చెప్పలేకపోతున్నాడు. దాని మీద ఒక గంట చర్చ జరిగింది.

ఏడాది ఏప్రిల్లోనే అయిపోయింది కదండీ, ఇంకా పూర్తవడమేమిటి? డిసెంబరు నెలాఖరుకి సొమ్ము రాకపోతే, సంతకం పెట్టిన పాపానికి నేనే కట్టాలని బాపిరాజు గారు తీర్మానం చేయించారు. నాకున్నది కుట్టుమిషను ఒక్కటి. అది అమ్మితే మా ఇంట్లో పొయ్యి వెలగదు. అక్కా అక్కా అని మీ వెనక తిరిగినందుకు నాకిలా చేస్తారా? చాలా బాధగా ఉంది.

ఇట్లు,
కోశాధికారి

తా.క. ఇన్నాళ్ల పాల డబ్బు కూడా కమిటీకే చెందుతుంది. తీర్మానం నంబరు నాలుగు.


తాడేపల్లిగూడెం,
డిసెంబరు 5.

చెల్లెమ్మా, దీన్ని కూడా మీటింగులో చదువు. గట్టిగా చదువు.

ఆ గేదె మా ఇంటి ఓనరుది. దగ్గరకెళితే కుమ్ముతుంది.

మన కమిటీ ఏటా చేసే పని నీకు తెలుసు. మార్చి వచ్చేసరికి, వచ్చే కమిటీకి పైసా మిగల్చకూడదని ఉన్నదంతా ఊడ్చేస్తారు. ఓ ఏడు షీల్డులు, ఓ ఏడు శాలువాలు, ఓ ఏడు బాగానే ఉన్న గేటుకి మళ్లీ రంగు. ఈసారి బాపిరాజు గారు తన పేరుతో సిమెంటు ఆర్చి అన్నారు. ఆడపిల్లలు ఆర్చి ఏం చేసుకుంటారు? అందుకని ఆ సొమ్ముతో చేపపిల్లల్ని కొని మా తమ్ముడు రమణ చెరువులో వేయించేశాను. మేత వాడిది, పిల్లలు మనవి, పట్టుబడిలో చెరి సగం. జులైలోనే చెబితే నువ్వు మీటింగులో చదివేదానివి, మర్నాడే వీళ్లు వలలు పట్టుకొచ్చేవారు.

మా కొల్లేటోళ్లకి ఏడాదంటే పిల్ల వేసిందగ్గర్నుంచి పట్టుబడి దాకా. మీకది బడి సెలవుల దాకా అని నాకు తట్టనేలేదు. నిన్ను ఏడిపించాను, క్షమించు. వాయుగుండం పట్టినప్పుడు గట్టు తెగుతుందేమోనని నేనూ ఏడ్చాను.

నిన్న పట్టారు. మన వాటా తొంభై ఆరు వేలు. రమణే తెచ్చి ఇస్తాడు. ఈసారి లెక్కపెట్టుకుని సంతకం పెట్టు.

నీ అక్క,
గంగారత్నం

తా.క. శీలావతి చేప ఒక్కోటి కేజీంబావు తూగిందిట. పాపాయమ్మకి ఒకటి పంపు. పాలు మాత్రం అడగొద్దను.


గుమ్మళ్ళలంక,
ఫిబ్రవరి 12.

మా బంగారు అక్కకి మీ క్యాథరిన్ వెయ్యి వందనాలు.

మీ ఉత్తరం చదివాను అక్కా, ఊరంతా వినపడేలా చదివాను. బాపిరాజు గారు ఎర్రబడి లేచారు. “కమిటీని అడక్కుండా అమ్మేస్తారా? చవగ్గా కట్టబెట్టేసుంటారు! ఎవడండీ ఆ కొన్నోడు?” అన్నారు. రమణ మెల్లిగా జేబులోంచి కాటా చీటీ తీసి, “తమరేనండీ,” అన్నాడు.

తన చేపల వ్యాపారానికి పోటీకొచ్చే ముదినేపల్లి వాళ్ల మీద పంతానికి, ఆ పొద్దున్న వేలంలో కేజీకి రెండు రూపాయలెక్కువ పాడి, మన సరుకని తెలీకుండానే మొత్తం కొనుక్కున్నది ఆయనేనట! చవక అంటే ఊళ్లోవాళ్ల సొమ్ము తనే తక్కువకి కొట్టేసినట్టు, ఎక్కువ అంటే మీరు గెలిచినట్టు. పాపం, మంచినీళ్లడిగి కూర్చున్నారు. జనం చప్పట్లు కొట్టారు. నేను చప్పట్లు కొడుతూ ఏడ్చేశాను. మిమ్మల్ని అనుమానించిన నోరిది, మన్నించండి.

నాలుగు గదులు లేచాయి. తలుపులు, లోపల గడియలు, పైన ట్యాంకు, తిప్పితే నీళ్లు. పద్దెనిమిది వేలు మిగిలితే, ఖర్చు పెట్టేద్దామని ఒక్కరూ అనలేదు. వచ్చే కమిటీకి బ్యాంకు పుస్తకంతో సహా అప్పగించాలని అందరూ చేతులెత్తారు. మన బడికి ఇదే మొదటిసారి. నిన్న ప్రసన్న మధ్యాహ్నానికే సీసా ఖాళీ చేసేసి, స్నేహితురాలి నీళ్లు కూడా తాగేసిందిట. ఆ పిల్ల తల్లి నా మీదకి దెబ్బలాటకొచ్చింది. అంత సంతోషంగా నేనెప్పుడూ తిట్లు తినలేదు.

మీ చెల్లెలు,
క్యాథరిన్

తా.క. ఆర్చి లేకపోయినా తన పేరుండాలని ప్రెసిడెంటు గారు పట్టుబడితే, మరుగుదొడ్ల గోడ మీద ‘దాత: బాపిరాజు గారు’ అని ఇంతేసి అక్షరాలతో రాయించాం. ఇప్పుడు సొంత ఖర్చుతో చెరిపించుకుంటానని కాళ్లావేళ్లా పడుతున్నారు. క్లాసులో ఏ పిల్ల చెయ్యెత్తినా, “టీచర్, బాపిరాజు గారి దగ్గరికెళ్లొస్తానండీ,” అంటోందిట.