ఫిరంగి వెనక ఎర్ర గీత

ఫిబ్రవరి 9, 1945

ప్రియమైన శిగెజో అన్నయ్యకు,

ఈ ఉత్తరం టపాలో వేయడం లేదు. మీ శిబిరానికి పెట్టెలు తెచ్చే లారీ డ్రైవరు మన ఊరివాడే, అతని చేతికిస్తున్నాను. చదివి కాల్చెయ్.

మీరు పరీక్షించబోయే కొత్త ఫిరంగి పటానికి మా ఆయుధాల కర్మాగారంలో నకలు గీసింది నేనే. పేలినప్పుడు అది వెనక్కి తన్నదు. గొట్టం వెనక మూసి ఉండదు కాబట్టి సగం మంట అటే పోతుంది. ఆ దారిలో మనిషి మిగలడు. అక్కడ ఎవరూ నిలబడకూడదని అసలు పటంలో ఎర్ర గీత ఉంది. ఎర్ర సిరా కరువని మీకు పంపిన నకలులో దాన్ని వదిలేయమన్నారు. నువ్వు పక్కన నిలబడు. నా చదువు కోసం నాలుగో తరగతిలో బడి మానేశావు, ఆ చదువు చెప్పే ఈ ఒక్క మాట విను.

నీ చెల్లెలు,
కినుయె

ఫిబ్రవరి 14

మా పంతులమ్మకు,

నీ మాట విన్నాను, చెంపదెబ్బలు తిన్నాను. కసరత్తులో పక్కకు జరిగితే సార్జంట్ ఒకాబె మీదికొచ్చాడు.

"ఏరా, నువ్వేమన్నా జనరల్‌వా, నా పక్కన నిలబడటానికి?"

"వెనక మంట వస్తుందండి."

"ఎవడు చెప్పాడ్రా?"

"మా చెల్లెలండి."

అందరూ ఒకటే నవ్వు. "అయితే ఫిరంగి మీ చెల్లెలికే ఇద్దాం. పో వెనక్కి!"

గొట్టం వెనక ఆయన, ఆయన వెనక మూడడుగుల్లో మేం ఐదుగురం. మన అమ్మ ఎప్పుడూ నాన్న వెనకే నడిచేది కదా, అలా. ముద్ర ఉన్న కాగితం వస్తే తప్ప ఆయన వినడు. అసలు గుండు పేల్చేది ఇరవయ్యో తారీకున. అలసిపోయాను తల్లీ. భయపడే ఓపిక కూడా లేదు.

అన్నయ్య

ఫిబ్రవరి 18

అన్నయ్యా,

మా ఇంజనీరు కుసాకా గారిని అడిగాను. "సైనికులకు ఆ మాత్రం తెలియదా? నీ గీతలు నువ్వు గీసుకో అమ్మాయ్" అన్నారు.

నిన్న మధ్యాహ్నం విమానదాడి సైరన్ మోగగానే అందరూ కందకంలోకి పరుగెత్తారు. నేను దిగలేదు. ఎర్ర గీతతో ఇంకో నకలు గీశాను. "వెనక ఎవరూ ఉండరాదు" అని రాసి, కుసాకా గారి బల్ల మీది ముద్ర తీసి కొట్టాను. ఈ లారీలోనే వస్తోంది. పట్టుబడితే ఏమవుతుందో నాకు తెలుసు. భయం వేయలేదు. ఆకలికి కళ్ళు తిరిగాయంతే.

వెంటనే జవాబు రాయి.

కినుయె

మార్చి 6

ప్రియమైన కినుయెకు,

రెండు వారాలుగా లారీ రాలేదు. అందుకే ఆలస్యం.

ముద్ర చూడగానే సార్జంట్ ఆ కాగితానికి వంగి దండం పెట్టాడు. "ముందే ఎందుకు చెప్పలేదురా గాడిదా!" అని మళ్ళీ నన్నే తిట్టాడు. ఆరుగురం పక్కకు జరిగాం. గుండు పేల్చాం. మేం నిలబడాల్సిన చోట గడ్డి వేళ్ళతో సహా మాడిపోయింది. మాకు చిన్న గాయం కూడా లేదు.

చూడటానికొచ్చిన అధికారులు చాలా సంతోషించారు. ఒక్కడికి దెబ్బ తగిలినా ఇంకో మూడు నెలలు పరీక్షలు సాగేవట. ఇక అవసరం లేదన్నారు. ఎల్లుండి ఆ ఫిరంగితో పాటు మమ్మల్ని యుద్ధం సాగుతున్న దక్షిణ దీవులకు ఓడ ఎక్కిస్తున్నారు.

నీ తప్పని ఏడవకు. ఇరవయ్యో తారీకునే పోవాల్సిన ఆరుగురం ఇవాళ ఎండలో కూర్చుని చొక్కాలకు గుండీలు కుట్టుకుంటున్నాం. సార్జంట్‌కు సూదిలో దారం ఎక్కడం లేదు, నేనే ఎక్కించి ఇస్తున్నాను.

ఇక ఆ డ్రైవరుకు ఉత్తరాలివ్వకు. ఇక్కడ తీసుకునేవాళ్ళుండరు.

నీ అన్నయ్య,
శిగెజో