నాలుగు పక్కటెముకలు, ఒక మెమో

నర్సింగు శిక్షణ విభాగం ప్రధానాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

నాలుగు పక్కటెముకలు విరిగాయి, నేను బతికాను! అందులో మూడు విరిచింది మా అమ్మాయే!

విషయం: మా చిన్నమ్మాయిని ఐసీయూ నర్సు శిక్షణ నుంచి తొలగిస్తూ తమరిచ్చిన మెమో రద్దు చేసి, సోమవారం నాటి ఆఖరి పరీక్షకు కూర్చోనివ్వవలసినదిగా కోరుట గురించి.

ఆనందంలో విషయం కన్నా ముందు కబురు రాసేశాను, మన్నించాలి. నేను రిటైరైన వడ్రంగిని, ఏడో తరగతి దాకా చదివాను. ఆసుపత్రి మంచం మీద, దిండు మీద అట్ట పెట్టుకుని రాస్తున్నాను. ఊపిరి తీసినప్పుడల్లా ఛాతీ బందులు ఊడిన తలుపులా కిర్రుమంటోంది. ఆ చప్పుడు వింటుంటే ఎంత సంతోషమో!

1. మెమోలో మొదటి నేరం: తమ శిక్షణ గదిలో పేషెంటుగా పడుకోబెట్టే బొమ్మకు గుండె ఆగినట్టు చూపగా, మా అమ్మాయి దాని రొమ్ము మీద అతిగా నొక్కి లోపలి స్ప్రింగు విరగ్గొట్టినది. నిజమే.

2. రెండవ నేరం: పేషెంటు బంధువుగా నటిస్తూ అడ్డుపడిన ఉద్యోగిని మోచేత్తో నెట్టగా, పెదవి చిట్లి రక్తము కారినది. ఇదీ నిజమే. ఆయనకు నా నమస్కారాలు.

3. మూడవ నేరం: రెండు నిమిషాలకొకసారి పక్కవారికి వంతు ఇవ్వాలని నియమం ఉండగా, "నేను వదిలితే చచ్చిపోతాడు" అని అరుస్తూ బొమ్మను ఎవరినీ ముట్టనివ్వలేదు. ఇది పెద్ద తప్పు. మెమో అందాక ఐదు రోజులు అన్నం సయించక తనే ఒప్పుకుంది. "మెమోలో రాసింది రైటే నాన్నా. చివర్లో నా చేతుల్లో బలం లేదు. నిజం మనిషైతే నా మూలానే పోయేవాడు."

4. ఆరో రోజు పొద్దున, పళ్లెం ముందు కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే ముందుకు పడ్డానట. పళ్లెం అంచుకు నుదురు చీలిందట. అప్పుడు నేను లేను కనుక, ఇక్కణ్ణుంచి మా అన్నయ్య చెప్పినట్టు రాస్తున్నాను.

మా ఆవిడ అంబులెన్సుకు ఫోను చేస్తుండగా, అమ్మాయి నన్ను కాళ్లు పట్టి ఈడ్చి, చొక్కా చింపి, రొమ్ము మీద పడింది. రెండో దెబ్బకే ఎండుకర్ర విరిగిన చప్పుడు. అన్నయ్య దాని జుట్టు పట్టి లాగాడు.

"చంపేస్తున్నావే రాక్షసీ! పోయినవాణ్ణి సుఖంగా పోనీవే!"

"పక్కకి జరుగు పెదనాన్నా."

జరగలేదు. మోచెయ్యి తగిలింది. ఆయన ముందుపన్ను ఊడి నా పళ్లెంలో పడింది. మళ్లీ ఫట్, ఫట్‌మని రెండు ఎముకలు. నా నోటెంట నెత్తుటి నురగ. అప్పుడు, గోడకానుకుని ఏడుస్తున్న ఆయనతో అందట:

"ఏడుపు తర్వాత. వచ్చి మోకాళ్ల మీద కూచో. నా చేతులు అయిపోతున్నాయి. 'మారు' అనగానే నువ్వు అందుకో."

"నా వల్ల కాదే, వాడు నా తమ్ముడే!"

"అందుకే గట్టిగా నొక్కు!"

నాలుగో ఎముక విరిచినది మా అన్నయ్య. దానిని అమ్మాయి మీద వేయవద్దని మనవి. అలా పద్నాలుగు నిమిషాలు, వంతుల వారీగా, ఇద్దరూ నన్ను కుమ్మారు. అంబులెన్సువారు వచ్చి రెండుసార్లు కరెంటు పెట్టారు. రొమ్ము మీద చర్మం కాలింది. గుండె అందుకుంది!

కావున, వంతు ఇవ్వడం మా అమ్మాయి నేర్చుకున్నదనుటకు రుజువు నా ఒంటి మీదనే ఉన్నది. ఎక్స్‌రే జతపరిచాను. సాక్షి సంతకం పన్నూడిన మా అన్నయ్యది. దయతో చిత్తగించి, పిల్లను పరీక్షకు పిలవవలెను.

ఇట్లు, ఇంకా బతికే ఉన్న
తమ విధేయుడు,
వడ్రంగి

తా.క. తమ ఉత్తర్వు వెలువడగానే, నేను బతికాననీ పిల్ల పరీక్షకు కూర్చుంటున్నదనీ తమరు ఈ బంధువులకు తప్పక తెలపాలి:

మా పెద్దక్కకు. చెవుడు, అరిచి చదవాలి. నర్సు పనికి ఈ పిల్ల చెయ్యి మోటు అన్నది ఈవిడే.

మా బావమరిదికి. నేను పోయాననుకుని ఏడుస్తూ రైలెక్కాడు.

పెద్దల్లుడికి. నా రంపాల పెట్టె అప్పుడే అడిగాడట. ఇవ్వనని చెప్పాలి.

మా అన్నయ్యకు. తెలుసు, అయినా మళ్లీ చెప్పాలి. గంటకోసారి నా ముక్కు కింద వేలు పెట్టి చూస్తున్నాడు.

తమ గదిలోని ఆ బొమ్మకు. రక్తసంబంధం లేకపోయినా, నా దెబ్బలు నాకన్నా ముందు తిన్నవాడు, వరసకు తమ్ముడు. స్ప్రింగు వేయించాక, పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పాలి.