రంగిటోటో కొండ సగంలో

బోటనీ డౌన్స్, ఆక్లాండ్
5 మార్చి 2006

శకుంతలా,

ఈ ఉత్తరం నువ్వొక్కదానివే చదువుకోవే. మా మధుబాబు ఫోన్ చేసినా ఏమీ తెలియనట్టే ఉండు. ఈ ఇంట్లో ఫోను హాల్లో ఉంటుంది, ఎప్పుడూ ఎవరో ఒకరు పక్కనుంటారు. అందుకే రాస్తున్నాను.

నిన్న నేనూ మీ బావగారూ రంగిటోటో అనే దీవికి వెళ్ళొచ్చాం. అదొక అగ్నిపర్వతం. ఊరి రేవు నుంచి పడవలో అరగంట. చల్లారిపోయిందిలే, భయపడకు. మీ బావగారు హైస్కూల్లో ముప్ఫై ఏళ్ళు భూగోళం చెప్పారు కదా, ఏటా ఎర్ర సుద్దముక్కతో బోర్డు మీద అగ్నిపర్వతం బొమ్మ వేసేవారు గానీ ఒక్కదాన్నీ కళ్ళతో చూడలేదు. మా పెళ్ళై నలభై ఏళ్ళయిందని మధూ, కోడలు అలేఖ్యా టిక్కెట్లు కొని, పిల్లలిద్దర్నీ తాము చూసుకుంటామని పంపారు. వచ్చిన పద్నాలుగు నెలల్లో మేమిద్దరమే బయటికి వెళ్ళడం ఇదే మొదలు. అయినా తెల్లారకముందే లేచి పిల్లలకు పప్పూ అన్నం, మాకు పులిహోర చేసి పెట్టాకే గడప దాటాను. పడవ ఎక్కగానే కళ్ళు మూతలు పడ్డాయి.

దీవంతా నల్లరాళ్ళు, బొగ్గులు ఆరబోసినట్టు. పిడికెడు మట్టి లేదు, ఆ రాళ్ళ సందుల్లోంచే చెట్లు లేచాయి. మీ బావగారు ఒక రాయి మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు అలాగే నిలబడ్డారు. "ఆరువందల ఏళ్ళేనే దీని వయసు. కొండల్లో ఇది పసిపిల్ల" అన్నారు. ఆ మొహం చూస్తే నాకూ ముచ్చటేసింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. పైదాకా తీసుకెళ్ళే ట్రాక్టరు బండి ఉంది. ఆయన మాత్రం నడిచే ఎక్కాలన్నారు. నా మోకాళ్ళ సంగతి ఆయనకు గుర్తు రాలేదు, నేనూ గుర్తు చెయ్యలేదు.

సగం పైగా ఎక్కాక కుడి మోకాలు ఇక వంగనంది. దారి పక్కన బండ మీద కూలబడ్డాను. "ఇంకో ఇరవై నిమిషాలే, లే విజయా. మన పీఆర్ రానీ, ఇక ఈ దేశంలోనే ఉండిపోవచ్చు, ఏటా వద్దాం ఇక్కడికి" అన్నారు.

"ఆ కాగితాల మీద నేను సంతకం పెట్టనండీ. మేలో వీసా అయిపోయేలోగా ఇండియా వెళ్ళిపోతాను" అన్నాను.

శిఖరం మీద చెప్పాలనుకున్న మాట. దారి మధ్యలోనే నోరు జారింది.

ఆయన ముందు నవ్వారు. తర్వాత, "ఏం తక్కువైందే నీకిక్కడ? గిన్నెలు తోమడానిక్కూడా మిషనే కదా!"

"ఆ మిషన్లో గిన్నెలు సర్దేదెవరో ఎప్పుడైనా చూశారా?"

ఆయన వచ్చి నా పక్కనే బండ మీద కూర్చున్నారు. "నాకిక్కడ బాగుంది విజయా. రిటైరయ్యాక అక్కడ నన్ను పలకరించినవాడు లేడు. ఇక్కడ పిల్లలు నన్ను వదలరు" అన్నారు. నిజమేనే. నేను స్నానాలు చేయించి, తినిపించి పంపిన పిల్లలు ఆయన ఒళ్ళో కూర్చుని కథలు వింటారు. ముప్ఫై రెండేళ్ళు పోస్టాఫీసు కౌంటరులో కూర్చుని రిటైరైనదాన్ని. ఇక్కడ మళ్ళీ ఉద్యోగం మొదలైంది, దీనికి ఆదివారం కూడా లేదు.

ఆయన ఒక్కరే పైకెళ్ళారు. నేను గంటకు పైగా అక్కడే ఉన్నాను. దిగివస్తున్న ఒక తెల్ల అమ్మాయి ఆగి, "ఆర్ యూ ఓకే?" అంది. తలూపాను. ఆమె మలుపు తిరిగాక ఏడుపొచ్చింది. పద్నాలుగు నెలల్లో నన్ను ఆ మాట అడిగిన మనిషి ఆ అమ్మాయే.

మీ బావగారు తిరిగొచ్చాక, పైన ఏముందని అడిగాను. "పెద్ద గుంట. నిండా చెట్లు" అన్నారు. చివరి పడవను ఎలాగో అందుకున్నాం.

మీ మేడ మీద గది ఖాళీగా ఉందా? నాలుగు రోజులకు కాదు, ఉండిపోవడానికి అడుగుతున్నాను. మొహమాటపడకుండా రాయి.

నీ అక్క,
విజయలక్ష్మి


బోటనీ డౌన్స్
9 ఏప్రిల్ 2006

శకుంతలా,

నీ జవాబు అందింది. గదికి వెల్ల కూడా వేయించావట, ఎంత పని చేశావే. ఇక్కడ జరిగింది విను.

ఆ కొండ నుంచి వచ్చిన మర్నాటి నుంచి మీ బావగారు నాతోపాటే లేచి వంటింట్లో కుర్చీ వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టారు. ఒక్క పనీ అందుకోలేదు. ఊరికే చూడటం. ఒళ్ళు మండిపోయింది నాకు. ఆ తర్వాతి శనివారం భోజనాల దగ్గర హఠాత్తుగా, "మధూ, ఆ పీఆర్ కాగితాలు పక్కన పెట్టు. వారం రోజులుగా చూస్తున్నాను, మీ అమ్మ ఒక్క పూట కూడా కూర్చుని తినలేదు. మేమిద్దరం వెళ్ళిపోతాం" అన్నారు.

మధు తల దించుకున్నాడు. అలేఖ్య మాత్రం ఊరుకోలేదు. "చేతకావట్లేదని ఒక్కసారైనా చెప్పారా అత్తయ్యా? నేను గరిటె పట్టుకుంటే లాక్కునేది మీరు కాదా?" అని ఏడ్చింది. ఆ మాటా నిజమే. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోనాడు చిన్నవాణ్ణి డేకేర్‌లో చేర్చి వచ్చి, "మీరు చెప్పాల్సింది, నేను చూడాల్సింది" అంది. ఇంకా పూర్తిగా మామూలవలేదు మేమిద్దరం. అవుతాంలే.

మీ బావగారు సూట్‌కేసు దించి బట్టలు సర్దుకోసాగారు. మనవరాలు వచ్చి ఆయన మడత పెట్టిన చొక్కాలన్నీ ఒక్కొక్కటే తీసి బయట పడేసింది. ఆయన మందలించకుండా వాటిని మళ్ళీ మడతపెడుతున్నారు. చూడలేకపోయాను.

"మీరుండండి. నేనొక్కదాన్నే వెళ్తాను, మూడు నెలలకి. నా పని మీరు చెయ్యండి" అన్నాను.

"నాకు వంట రాదే!"

"నాకూ పుట్టుకతో రాలేదు."

ఆయన వీసా పొడిగించమని మధు దరఖాస్తు పెట్టాడు. నిన్న ఆయన చేసిన ఉప్మాలో ఉప్పు రెండుసార్లు పడింది, అందరం కిక్కురుమనకుండా తిన్నాం. ఆ పీఆర్ సంతకం నేనింకా పెట్టలేదు, అక్కడి నుంచి వచ్చాక చూద్దామన్నాను. నిజంగా తిరిగొస్తావా అని ఆయన అడగలేదు. అలా అడగకపోవడమే నాకు నచ్చింది. నలభై ఏళ్ళలో నేనొక్కదాన్నే ప్రయాణం చెయ్యడం ఇదే మొదటిసారి. కాస్త భయంగానే ఉంది.

మే పద్నాలుగున చేరతాను. చుట్టాలకు చెప్పకు. గది తాళం నా చేతికిచ్చి వెళ్ళిపో. కాఫీకి కూడా పిలవకు. మెలకువ వచ్చినప్పుడు నేనే దిగి వస్తాను.

నీ అక్క,
విజయ