మంగళవారం సభ

ప్లమ్ ఫోర్క్,
సెప్టెంబరు, ఆదివారం మధ్యాహ్నం

మా అల్మక్కకి,

నీ చెవులు మొరాయించిన దగ్గర్నుంచి ఫోన్లో మన మాటలు తగువులాడుకున్నట్టే ఉంటున్నాయి. నేను పంటినొప్పి అంటే నువ్వు పంట నష్టమా అని అడుగుతావు. అందుకే ఇకనుంచి కాగితమే మేలనుకున్నాను. కాగితం మీదైతే అరవక్కర్లేదు, దాచుకోనూ అక్కర్లేదు.

ఎలా ఉన్నావని అడిగావు. అలిసిపోయానక్కా. పని చేసి అలిసిన అలుపైతే పడుకుంటే పోతుంది. ఇది అలాంటిది కాదు.

మొన్న మంగళవారం కౌన్సిల్ సభలో మొదటి విషయం కోళ్ళు. పెరట్లో ఎన్ని పెంచుకోవచ్చు, పుంజు ఉండొచ్చా, గూడు పక్కవాడి కంచెకి ఎంత ఎడంగా ఉండాలి. వేసవి మొదటినుంచీ ఇదే చర్చ. తరవాత, ఇంటి ముందు ట్రైలరు నిలిపేసిన ఒకాయన సంగతి. దాని చక్రాల చుట్టూ గడ్డి మోకాలెత్తు పెరిగింది. తియ్యమంటే, "అది నిలిపిన బండి కాదండీ, ప్రయాణానికి సిద్ధంగా ఉన్న బండి" అంటాడు. ఆ తరవాత మురుగుకాలవ. వింటూ తలూపుతూ కూర్చున్నాను. కౌన్సిల్ సభ్యురాలిగా పదహారేళ్ళుగా తలూపుతున్నాను కదా, మెడ దానంతటదే ఊగుతుంది.

విత్తనాల కొట్టు గస్ హ్రబాక్ కోళ్ళ గురించి మాట్లాడతానని లేచి, నా వైపు తిరిగాడు. "అడేలా, నీకసలు సిగ్గుందా?" అన్నాడు.

మేయరు రేమండ్ బల్ల మీద తట్టాడు. "గస్, కోళ్ళ గురించి లేచావు, కోళ్ళ గురించే మాట్లాడు."

"కోళ్ళకైనా తాగడానికి తొట్టి ఉంది. నా మనవరాళ్ళకి మునగడానికి చోటు లేకుండా చేసింది ఈవిడ!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయాను, కానీ నోరు సహకరించలేదు.

ఈతకొలను మూసేశామని నీకు తెలుసు. ఎలా మూసేశామో ఎప్పుడూ చెప్పలేదు. అడుగున పగిలి నీళ్ళు నేలలోకి పోతున్నాయని ఇంజనీరు రాసిచ్చాడు. రైలుకట్ట పక్క ఇళ్ళకి వెళ్ళే తాగునీటి గొట్టాలు పాతకాలపు సీసం గొట్టాలనీ, పసిపిల్లలున్న ఇళ్ళలో ఆ నీళ్ళు తాగకూడదనీ అదే ఇంజనీరు రాసిచ్చాడు. రెండూ చేసే స్తోమత ఊరికి లేదు. ఏదో ఒకటే. ఏప్రిల్లో ఓటింగుకి పెట్టారు. నా చెయ్యి లేవకపోతే ఆ కొలను మూతపడేది కాదు. లేపాను.

ఆ కొలనులో ఎన్ని వేసవులు ఈత నేర్పానో నీకు తెలుసుగా. ఈ ఊళ్ళో నలభై ఏళ్ళ లోపువాళ్ళలో సగం మంది గడ్డం కింద నా అరచెయ్యి ఆనించుకుని తేలడం నేర్చుకున్నవాళ్ళే. ఇప్పుడు వాళ్ళే సరుకుల కొట్లో నన్ను చూసి బండి పక్క వరసలోకి తిప్పుకుంటున్నారు. చర్చి విందుకి గసగసాల తీపి రొట్టెలు, మన కొలాచీలు, చేసి తీసుకెళితే, అటూ ఇటూ పళ్ళాలన్నీ ఖాళీ అయ్యాయి, నాది తీసుకెళ్ళినట్టే ఇంటికొచ్చింది.

అవన్నీ ఓర్చుకోగలను. ఓర్చుకోలేనిది మా ఇంట్లోనే ఉంది. నీ మరిది మాట్లాడడం లేదక్కా. పెళ్ళి కాకముందు, అగ్నిమాపక దళం కుర్రాళ్ళతో కలిసి ఆ కొలనుకి కాంక్రీటు పోసినవాడు లాడ్. ఏప్రిల్లో ఆ రోజు ఇంటికొచ్చి చెయ్యి లేపానని చెబితే, సూపు తింటున్నవాడు చెంచా పక్కన పెట్టి గ్యారేజీలోకి వెళ్ళిపోయాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. అప్పట్నుంచీ "ఉప్పు ఇటివ్వు", "కారుకి ఆయిల్ మార్చాలి", అంతే. నలభై ఏళ్ళ కాపురంలో మేం ఇంత మర్యాదగా ఎప్పుడూ లేము.

నవంబరులో మళ్ళీ ఎన్నికలు. నా పేరు ఈ గొడవకి ముందే ఇచ్చేశాను. నా మీద మంగలిషాపు డార్లా నోవోట్నీ నిలబడింది. వాళ్ళ పచ్చికలో బోర్డు పెట్టింది: కొలను తెరిపిస్తాను. మంచి పిల్ల. చిన్నప్పుడు నీళ్ళంటే ఎంత భయపడేదో, నా మెడ పట్టుకుని వదిలేది కాదు.

నీకు ఒక్కదానికే చెబుతున్నాను. నేను ఓడిపోతే బాగుండును.

నీ చెల్లెలు,
అడేలా

*

ప్లమ్ ఫోర్క్,
నవంబరు

అక్కా,

నీ ఉత్తరం అందింది. "పట్టుదలగా నిలబడు, మన ఇంట్లో ఎవరూ వెనక్కి తగ్గలేదు" అని రాశావు. నువ్వు అక్కవి, అలాగే రాయాలి. ఇది చదివాక ఏమంటావో మరి.

మా వార్డులో నాకూ డార్లాకీ సమానంగా వచ్చాయి. రెండుసార్లు లెక్కపెట్టినా అంతే వచ్చింది. ఇలాంటప్పుడు ఏం చేస్తారో తెలుసా? చీటీలు వేస్తారు. చట్టంలోనే ఉంది. వచ్చే సోమవారం కౌంటీ కచేరీకి మా ఇద్దరినీ రమ్మన్నారు.

నిన్న సరుకుల కొట్లో డార్లా ఎదురైంది. ఈ పిల్ల మాత్రం బండి తిప్పుకోలేదు. "ఇదేం ఖర్మండీ టీచర్‌గారూ! ఓడిపోతే ఏడుద్దామనుకున్నాను, గెలిస్తే కేకు కోద్దామనుకున్నాను. దీనికేం చెయ్యాలో తెలీడం లేదు," అంది.

"ఇంటికెళ్ళి పడుకో" అన్నాను.

"మీరు పడుకుంటున్నారా?"

ఏం చెప్పను? నిద్ర పట్టడం లేదని చెబితే ఎందుకని అడుగుతుంది.

ఎందుకో నీకు చెబుతాను. ఓటు వెయ్యడానికి నేనూ లాడ్ కలిసే వెళ్ళాం, ఎప్పటిలాగే. ఓటింగు అగ్నిమాపక కేంద్రంలో, ఫైరింజన్లు బయటికి తీసి లోపల బల్లలు వేశారు. కాగితం తీసుకుని అట్టముక్క చాటున నిలబడ్డాను. ఒక పేరు నాది. దాని కింద డార్లా పేరు. నా పేరు పక్కన, ఓటుకి కలంతో నింపాల్సిన సున్నాని చూస్తుంటే మళ్ళీ నాలుగేళ్ళ మంగళవారాలు కనిపించాయి. గస్ ముఖం, ట్రైలరు కింద గడ్డి, ఇంటికొచ్చేసరికి గ్యారేజీలో వెలుగుతున్న దీపం. అవతల అట్టముక్క చాటున లాడ్ బూట్లు కనిపిస్తున్నాయి. ఆయన కలం ఎవరి పేరు మీద ఆగిందో అనుకున్నాను. డార్లాకే వేసి ఉంటాడని అనిపించింది. అనిపించేసరికి నా చెయ్యి కూడా కిందికి జరిగింది. డార్లా పేరు పక్కన సున్నా నింపేశాను. బాగా నల్లగా, పొరపాటున కూడా లెక్కలోకి రాకుండా పోకూడదన్నట్టు.

ఇప్పుడు చూడు. నాకు నేను వేసుకుని ఉంటే గెలిచేదాన్ని. సమానం అయిందంటే, నన్ను చూసి ముఖం తిప్పుకున్న ఈ ఊళ్ళోనే సగం మంది లోపల్లోపల నాకు వేశారు. పైకి ఒక్కరూ ఒక్క మాట అనలేదు. నమ్మినవాళ్ళని నేనే ముంచేశానక్కా. అలా అని, మళ్ళీ ఆ కుర్చీలో కూర్చోమంటే ఒళ్ళంతా బరువెక్కుతుంది. కక్కలేను, మింగలేను.

ఈ సంగతి ఎవరికీ చెప్పకు. లాడ్‌కి అసలే తెలియకూడదు. సోమవారం ఆయనే కారు నడుపుతానన్నాడు. నాకు మంచులో నడపడం భయమని ఇంకా గుర్తుంది పాపం.

నీ
అడేలా

*

ప్లమ్ ఫోర్క్,
జనవరి, మంగళవారం సాయంత్రం

మా అల్మక్కకి,

ఇన్నాళ్ళూ ఉత్తరం రాయనందుకు తిట్టుకుంటూ ఉంటావు. చీటీలో ఎవరి పేరొచ్చిందో క్రిస్మస్ కార్డు మీద ఒక్క ముక్కలో రాశాను కానీ అసలు కథ రాయలేదు. ఇవాళ తీరిక దొరికింది.

ఆ సోమవారం కచేరీకి బయల్దేరాం. మంచు పడుతోంది. సగం దారి వచ్చేదాకా వైపర్ల చప్పుడే. అప్పుడు లాడ్, రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండానే, "నీకే వేశాను" అన్నాడు.

"ఏమిటి?"

"ఓటు. నీకే వేశాను. కోపం పోయి కాదు, ఇంకా ఉంది. అయినా నీకే వేశాను."

"ఎందుకూ?"

"ఎందుకేమిటి? ఆ గోలంతా నీకంటే ఓపిగ్గా ఇంకెవరు వింటారు?"

దాచుకోవడం చేతకాలేదు. "లాడ్, నేను డార్లాకి వేశాను" అన్నాను.

కారు మెల్లగా పక్కకి తీసి, ధాన్యం గిడ్డంగి ముందు ఆపాడు. "అంటే, నా ఓటుకి చెల్లుకు చెల్లు వేసింది నువ్వా?"

"నేనే."

"ఊరు ఊరంతా నీ మీద పగబట్టిందని కుమిలిపోతున్నావనుకున్నాను. ఆ పగబట్టినవాళ్ళలో నువ్వు కూడా ఉన్నావన్నమాట!"

నవ్వాడక్కా. ఏప్రిల్ తరవాత మొదటిసారి. నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది. వీపు మీద చరిచాను. దగ్గు తగ్గాక నవ్వు కూడా తగ్గిపోయింది. "అంత విసిగిపోయావుటే? ఒక్క మాట నాతో అనలేకపోయావా?" అన్నాడు.

"నువ్వు మాట్లాడితేగా, నేను అనడానికి?"

అద్దం మీది ఆవిరిని కోటు చేత్తో తుడిచి, కారు మళ్ళీ రోడ్డెక్కించాడు.

కచేరీలో ఒక పెద్దావిడ తన ఉన్నిటోపీ తీసి, అందులో రెండు చీటీలు వేసి కలిపింది. డార్లా నా పక్కనే నిలబడి గోళ్ళు కొరుక్కుంటోంది. ఎన్ని నెలలుగానో ఓడిపోవాలని కోరుకున్నదాన్ని, కారు దిగినప్పట్నుంచి గెలవాలని కోరుకున్నాను. ఆ కోరికకి పావుగంట వయసు కూడా రాకముందే ఆవిడ చీటీ విప్పింది. "డార్లా నోవోట్నీ" అని చదివింది. డార్లా నా మెడ చుట్టూ చేతులు వేసి ఏడ్చేసింది. నేను గెలవలేదన్న సంగతి ఆ పిల్ల వీపు నిమురుతుండగా నిదానంగా తెలిసింది.

తరవాత ఇంట్లో ఏమీ తోచేది కాదు. అల్మరాలు సర్దాను, సర్దినవే మళ్ళీ సర్దాను. ఈ నెల మొదటి సభ రోజున లాడ్ భోజనమైన వెంటనే కోటు తొడుక్కుని, "పద, చూసొద్దాం" అన్నాడు. నేనక్కడ కూర్చున్న పదహారేళ్ళలో ఒక్కసారి కూడా ఆ గది గడప తొక్కని మనిషి. వద్దన్నాను. వినలేదు. వెనక వరసలో ఇనప కుర్చీల మీద కూర్చున్నాం. అక్కడినుంచి చూస్తే కౌన్సిల్ బల్ల ఎంత ఎత్తుగా కనిపిస్తుందో!

రైలుకట్ట పక్క గొట్టాల పని ఎప్పుడు మొదలుపెట్టాలన్న విషయం వచ్చింది. మిగతా ఓట్లు చెరిసగం. డార్లా ఒప్పుకుంటే పని మొదలవుతుంది, కాదంటే కొలను సంగతి మళ్ళీ తిరగదోడతారు. గస్ వెంటనే లేచాడు. "ఏమ్మా డార్లా, బోర్డు మీద రాసుకున్నది గుర్తుందా? కొలను ఎప్పుడు తెరుస్తున్నావు?"

డార్లా లేచి నిలబడింది. "గస్ మామా, నేను ఆ ఇళ్ళకి వెళ్ళొచ్చాను. ఒకమ్మాయి చంటిదానికి పాలపొడి కలపడానికి కొట్లోంచి నీళ్ళ సీసాలు మోసుకొస్తోంది. అది చూశాక..."

"చూశాక నీకూ అదే రోగం! ఆ కుర్చీలోనే ఏదో ఉంది, ఎవరు కూర్చున్నా బుర్ర తిరుగుతుంది!"

జనం గొల్లుమన్నారు. డార్లా ముఖం కందిపోయింది. ఆ ముఖం ఎలా ఉంటుందో నాకు లోపలినుంచి తెలుసు. లేద్దామనుకున్నాను. కానీ నాకంటే ముందు పక్క కుర్చీ కిర్రుమంది.

"పేరు, చిరునామా చెప్పండి" అన్నాడు మేయరు.

"నా పేరు నీకు తెలీదా రేమండ్?"

"రూలు, లాడ్. చెప్పాలి."

చెప్పాడు. తరవాత టోపీ చేతుల్లో అటూ ఇటూ తిప్పాడు. మాట్లాడలేడేమో, కూర్చుంటాడేమో అనుకున్నాను.

"ఆ కొలనుకి కాంక్రీటు పోసినవాళ్ళలో నేనొకణ్ణి. అది మూశారని నా పెళ్ళాంతో నెలల తరబడి సరిగ్గా మాట్లాడలేదు. మొన్న తాళం అడిగి తీసుకుని లోపలికి దిగి చూశాను. ఆ పగుల్లో నా చెయ్యి మణికట్టు దాకా దూరింది. అది అయిపోయిందయ్యా. మనిషికే ఆయుష్షుంటుంది, మేం పోసిన కాంక్రీటుకి ఉండదా? ముందు పసిపిల్లలు తాగే నీళ్ళు చూడండి. ఈత మా మనవల కాలంలో మళ్ళీ చూసుకుందాం. గస్, ఆ ఎండాకాలం నాతో పార పట్టినవాడివి నువ్వు. రేపు పొద్దున రా, నువ్వూ చెయ్యి పెట్టి చూద్దువుగాని."

గస్ తన బూట్ల వంక చూసుకుంటూ కూర్చున్నాడు. ఓటింగులో డార్లా చెయ్యి లేచింది. మెల్లగా లేచింది కానీ లేచింది.

బయటికొచ్చాక నీ మరిది, "ప్రతిసారీ ఇలాగేనా?" అని అడిగాడు.

"ఇవాళ చాలా నయం."

"పదహారేళ్ళు!" అన్నాడు. జారతావు జాగ్రత్త అని నా చెయ్యి పట్టుకున్నాడు. అక్కడ మంచే లేదక్కా, ఉప్పు చల్లి కరిగించేశారు. నేనా సంగతి చెప్పలేదు. ఇంటిదాకా పట్టుకునే నడిచాడు.

మర్నాడు గస్ వచ్చాడట. ఇద్దరూ కొలనులోకి దిగి ఏం మాట్లాడుకున్నారో నాకు తెలీదు. తిరిగొచ్చేటప్పుడు మాత్రం గస్ మా వంటింటి గుమ్మం దగ్గర టోపీ తీసి నిలబడి, "కాఫీ ఉందా అడేలా?" అన్నాడు. పోశాను. అంతకంటే క్షమాపణ వాడి నోట రాదు, నాకూ అక్కర్లేదు.

అలుపు పోలేదు. కానీ ఇప్పుడు పడుకుంటే కాస్త తగ్గే అలుపు.

ఇవాళ మళ్ళీ సభ. మంచు తోసే బండి ఆ మంచంతా తెచ్చి మా వాకిట్లోనే పోస్తోందని నీ మరిది పొద్దుటినుంచీ గొణుగుతున్నాడు. అడుగుతానని ఇందాకే బయల్దేరాడు. నన్నూ రమ్మన్నాడు. "నువ్వు వెళ్ళు, నాకు ఓపిక లేదు" అన్నాను. గుమ్మం దాటినవాడు మళ్ళీ తల లోపలికి పెట్టి, "సరే పడుకో. ఏం జరిగిందో వచ్చి అంతా చెబుతాలే" అన్నాడు.

నీ చెల్లెలు,
అడేలా