బయటికి వెళ్ళేవాళ్ళని ఎవరూ అడగరు

మార్చి 4, సోమవారం

లాడ్జి గది. కిటికీ తీస్తే పక్క బిల్డింగు గోడ, చెయ్యి చాపితే అందుతుంది. కింద రిసెప్షన్‌లో మాత్రం వ్యూ బావుంటుంది సార్ అన్నాడు. ఈ ఊళ్ళో నేను విన్న మొదటి మాటే అబద్ధం.

ఏప్రిల్ ఒకటిన ఇక్కడి ఆఫీసులో జాయినవ్వాలి. తొమ్మిది రోజులు సెలవు దొరికింది. ఈలోగా ఇల్లు చూడాలి. ఇల్లు ఎలా ఉన్నా సర్దుకుందామని మా ఆవిడ బయలుదేరేటప్పుడు రెండుసార్లు చెప్పింది. చుట్టుపక్కల ఎలాంటివాళ్ళో మాత్రం చూడండి అని మూడుసార్లు చెప్పింది.

ఇరవై ఏళ్ళుగా నాకు జీతం ఇస్తున్నదే అనుమానపడినందుకు. ఇన్సూరెన్స్ క్లెయిములు నిజమో కాదో తేల్చడం నా పని. కాలిపోయిన షాపుకి వెళ్తే ముందు బూడిద చూడను, ఓనరు మొహం చూస్తాను. అలాంటి నాకు ఒక ఏరియా గుట్టు కనుక్కోవడం ఏమంత పని?

సాయంత్రం బ్రోకరు వచ్చాడు. కూర్చున్నంతసేపూ నవ్వుతూనే ఉన్నాడు. నవ్వాల్సిన మాట నేను ఒక్కటీ అనలేదు.

మార్చి 5, మంగళవారం

గేటెడ్ కమ్యూనిటీ. లోపలికి వెళ్ళడానికి నా ఫోటో తీశారు, ఫోన్ నంబరు రాయించుకున్నారు, ఏ ఫ్లాటుకని అడిగారు, బ్యాగు తెరిపించారు. చీమ కూడా దూరదు సార్ అన్నాడు బ్రోకరు. ఆ గేటు తనే కట్టించినట్టు మొహం పెట్టాడు.

ఫ్లాటు బాగానే ఉంది. బ్రోకరుని పైనే ఉంచి, ఫోన్ మాట్లాడి వస్తానని కిందకి దిగాను. నేరుగా గేటు దాటి బయటికి నడిచాను. గార్డు తలెత్తలేదు. లోపలికి వచ్చాను, మళ్ళీ ఫోటో. మళ్ళీ బయటికి. ఈసారి దగ్గాను కూడా. ఊహూఁ. మూడోసారి గార్డే లేచి, పాపం, గేటు బార్లా తీసి పట్టుకున్నాడు.

వీళ్ళ అనుమానమంతా లోపలికొచ్చే వాళ్ళ మీదే. బయటికి వెళ్ళేవాళ్ళని ఎవరూ అడగరు. మాకు అడిగేవాళ్ళు కావాలి.

ఆ మాటే బ్రోకరుతో అంటే, ఇంట్లోంచి ఎవరైనా పారిపోతారా సార్ అని నవ్వాడు. ఒళ్ళు మండింది. వాణ్ణి అక్కడే వదిలేసి ఆటో ఎక్కేశాను.

సాయంత్రం 6 గంటలు

ఇది ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను.

అత్తయ్య, అంటే మా ఆవిడ తల్లి, ఎనిమిదేళ్ళుగా మాతోనే ఉంటోంది. ముప్ఫై నాలుగేళ్ళు ఆస్పత్రిలో నర్సు. చివర్లో హెడ్ నర్సు. రిటైరై పదహారేళ్ళయింది. ఆ సంగతి రెండేళ్ళ నుంచి ఆవిడకి గుర్తుండటం లేదు. పొద్దున్నే లేచి, నున్నగా తల దువ్వుకుని, వాచీ పెట్టుకుని, భుజానికి బ్యాగు తగిలించుకుని ఆరింటి డ్యూటీకి బయలుదేరుతుంది. చూసేవాళ్ళకి ఏ అనుమానమూ రాదు. మర్యాదగల పెద్దావిడ పనికి వెళ్తోంది, అంతే. బస్సెక్కితే లేచి సీటిస్తారు.

జనవరిలో అలాగే వెళ్ళింది. పంతొమ్మిది గంటలు దొరకలేదు. చివరికి రెండు ఊళ్ళ అవతల, ఒక బస్ డిపోలో బెంచీ మీద కూర్చుని ఉంది. ఒక కాలికి తన చెప్పు, ఒక కాలికి నాది. ఆ రోజంతా కనీసం వందమంది ఆ కాళ్ళు చూసుంటారు. ఒక్కరూ అడగలేదు.

మా ఆవిడ టీచరు, ఆ వారం స్కూలు వాళ్ళ ట్రైనింగుకి వెళ్ళింది. తలుపు నా బాధ్యత. గడియ వేసే పడుకున్నానని, అత్తయ్యే తీసుకుని వెళ్ళిందని చెప్పాను. పోలీసులకీ అదే చెప్పాను. మా ఆవిడ ఒక్క ప్రశ్న వెయ్యలేదు. వెయ్యకపోవడమే నాకు నచ్చడం లేదు.

మార్చి 6, బుధవారం

నాలుగు ఇళ్ళు. నాలుగింటి ముందూ బస్‌స్టాపు. ఎంత సౌకర్యమో చూడండి సార్ అంటాడు!

మార్చి 7, గురువారం

బ్రోకరుకి ఒంట్లో బాగాలేదని చెప్పి ఒక్కణ్ణే బయలుదేరాను. ఒక కాలికి బూటు. ఒక కాలికి లాడ్జి బాత్రూం చెప్పు. భుజాన బ్యాగు. ఆరింటికల్లా పార్కు పక్కన ఉన్న ఏరియాలో దిగాను. బ్రోకరు లిస్టులో మొదటి నంబరు అదే. చదువుకున్నవాళ్ళు, ప్రశాంతంగా ఉంటుంది అని పక్కన రాసిచ్చాడు.

ప్రశాంతంగానే ఉంది. గంటసేపు నడిచాను. వాకింగ్ వాళ్ళు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నన్ను దాటుకుని పోయారు. నా కాళ్ళ సంగతి కనిపెట్టింది ఒక్క కుక్కపిల్ల. దాన్నీ యజమాని గొలుసు పట్టి లాగేశాడు, నాకు సారీ కూడా చెప్పాడు.

రెండో ఏరియాలో కాఫీ షాపులు ఎక్కువ. ఒకమ్మాయి నా కాళ్ళు చూసింది. ఇదేదో కొత్త ఫ్యాషన్ కాబోలు అనుకుందేమో, చూపు తిప్పుకుంది. మూడోది మార్కెట్ వైపు. అక్కడ నా కాలు తొక్కారు గానీ చూడలేదు.

లాడ్జికి వచ్చేసరికి బూటు లేని కాలు బొబ్బలెక్కింది. నలభై ఆరేళ్ళ మనిషిని, ఏమిటీ వేషం అనిపించింది. ఎవరైనా అడిగితే ఏడ్చేసేవాణ్ణేమో. ఎవరూ అడగలేదు.

మార్చి 8, శుక్రవారం

బ్రోకరు ఏదో దాస్తున్నాడు. వాటర్ ట్యాంకు వెనక ఒక వీధి ఉంది. మొన్న ఒకసారి, ఇవాళ ఒకసారి, అది దగ్గర దారి అయినా స్కూటర్ పక్కకి తిప్పేశాడు. ఎందుకని అడిగితే నీళ్ళు నమిలాడు. ఆ వీధి మనకి వద్దు సార్, మనుషులు మంచివాళ్ళే గానీ, అని ఆగాడు. ఆ గానీ తర్వాత ఏముందో చెప్పడు. క్లెయిముల్లో అసలు విషయమంతా ఆ గానీ తర్వాతే ఉంటుంది.

నాకు తోచినవి: మురుగునీళ్ళు. దొంగలు. ఓనర్ల కోర్టు కేసులు. లేదా బ్రోకరు అక్కడ ఎవరికో టోపీ పెట్టాడు.

వాణ్ణి వదిలించుకుని పదకొండింటికి నేనే వెళ్ళాను. సన్నటి వీధి, ఆటో ఒకటే పడుతుంది. ఇళ్ళన్నీ మొహం మొహం చూసుకుంటున్నాయి. వీధి మొదట్లో ఒక టైలరు షాపు. పది అడుగులు వేశానో లేదో పై నుంచి ఒక గొంతు, ఎవరింటికి అని. బాల్కనీలో ఒక పెద్దావిడ, చేతిలో తడి తువ్వాలు. ఫ్రెండ్ ఇంటికి అన్నాను. ఏ ఫ్రెండు అంది. నాకు తిక్క రేగింది. యాభై రెండో నంబరు అని నోటికొచ్చింది చెప్పేసి నడిచాను. ఆ వీధిలో ఉన్నవి నలభై ఒక్క ఇళ్ళేనని చివరిదాకా వెళ్ళాక తెలిసింది. తిరిగి రావడానికి వేరే దారి లేదు. తేలు కుట్టిన దొంగలా ఆ బాల్కనీ కిందనుంచే వచ్చాను. టైలరు మెషీను ఆపి మరీ చూశాడు.

వద్దు బాబూ. ఆ వీధి వద్దు. ఇంట్లో గిన్నె కింద పడితే ఏం వండుతున్నారని అడిగే రకం.

మార్చి 9, శనివారం

లాడ్జిలోనే పడుకున్నాను. పది అడుగులు. పది అడుగులకే అడిగింది ఆవిడ.

మార్చి 10, ఆదివారం

అడ్డంగా దొరికిపోయాను.

ఆరు కాకముందే వెళ్ళాను. బూటు, చెప్పు, బ్యాగు. ఈసారి లోపలి చివరనుంచి బయటికి నడుద్దామని, చీకటి విడుతుండగానే చివరికి వెళ్ళి నిలబడ్డాను. అక్కడినుంచి మెయిన్ రోడ్డుకి నలభై ఒక్క ఇళ్ళు దాటాలి. ఆరు ఇళ్ళు దాటాను. పేపరు చదువుకుంటున్న ఒకాయన పేపరు మడిచి, కాళ్ళకేమైంది బాబూ అన్నాడు. ఏం లేదన్నాను. ఏం లేకుండా ఎవరూ అలా వెయ్యరు కదా అన్నాడు. నాతోపాటు నడవడం మొదలుపెట్టాడు. టైలరు షాపు చేరేసరికి మేం తొమ్మిదిమందిమి అయ్యాం.

షాపు ముందు ప్లాస్టిక్ కుర్చీ వేసి కూర్చోమన్నారు. బాల్కనీ ఆవిడ దిగి వచ్చింది. ఫోన్ తీసి నా మొహం ముందు పెట్టింది. వీధి వాళ్ళ గ్రూపు. శుక్రవారం నా ఫోటోలు నాలుగు ఉన్నాయి. ముందునుంచి, వెనకనుంచి. కింద రాసుంది: యాభై రెండు అన్న మనిషి, మళ్ళీ వస్తే చెప్పండి.

తర్వాత గంట నన్ను అడిగారు. ముందు మెత్తగా ఒక ప్రశ్న, మధ్యలో ఇంకేదో మాట, పది నిమిషాలయ్యాక మళ్ళీ అదే ప్రశ్న. అది నా పద్ధతి. నేను ఎంతమందిని అలా కూర్చోబెట్టానో! ఎదుటి కుర్చీ ఎలా ఉంటుందో ఇన్నాళ్ళూ తెలియలేదు. రెండోసారి అదే ప్రశ్న వచ్చేసరికి నా దగ్గర అబద్ధాలు అయిపోయాయి. అత్తయ్య సంగతి చెప్పాను. డ్యూటీ, డిపో, పంతొమ్మిది గంటలు, చెప్పులు, అన్నీ.

ఎవరూ అయ్యో అనలేదు. గడియ ఎవరు వెయ్యలేదు అని అడిగింది బాల్కనీ ఆవిడ.

నేనే వెయ్యలేదు అన్నాను. మర్చిపోయాను. వేశానని ఇంట్లో చెప్పాను.

రెండు నెలలుగా నోట్లో నానుతున్న మాట, ముక్కూ మొహం తెలియని పదిమంది ముందు బయటికి వచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాను. టైలరు నా వైపు చూడకుండా మంచినీళ్ళు ఇచ్చాడు.

అయితే నువ్వు కాయాల్సిన కాపలా మా మీద పడేద్దామని వచ్చావన్నమాట అంది ఆవిడ. అవునన్నాను. ఇంకేం అనను? ముందు ఇంట్లో చెప్పు, తర్వాత ఇల్లు అడుగుదువుగాని అంది. పద్దెనిమిదో నంబరు ఖాళీగా ఉందట. అది కూడా నేను అడిగితే చెప్పలేదు, పోతూ పోతూ చెప్పింది.

మార్చి 11, సోమవారం

పొద్దుట నుంచి మూడుసార్లు నంబరు నొక్కి కట్ చేశాను. నాలుగోసారి మాట్లాడాను.

తెలుసు అంది మా ఆవిడ. ఆ రోజు నుంచి మీరు రోజూ నాలుగుసార్లు లేచి గడియ చూస్తున్నారు, వేసినవాళ్ళు అలా చూడరు అంది. మరి అడగలేదేం అన్నాను. మీరే చెబుతారని చూశాను అంది. చూసీ చూసీ విసుగొచ్చింది అని కూడా అంది. తర్వాత ఏడ్చింది. నేనూ ఏడ్చాను. లాడ్జి వాడు టవల్ ఇవ్వడానికి వచ్చి, తలుపు దగ్గర పెట్టి వెళ్ళిపోయాడు.

క్లెయిము మొదటిరోజే తేల్చేసి, ఫైలు మాత్రం తెరిచి ఉంచింది. ఆ ఉద్యోగం నాకు కాదు, ఆవిడకి ఇవ్వాల్సింది.

మార్చి 12, మంగళవారం

పద్దెనిమిది చూశాను. వంటింటి గోడకి చెమ్మ ఉంది. నల్లా నీళ్ళు రెండు గంటలే. బ్రోకరు ఫోన్ చేసి, ఆ వీధిలో తను పెట్టిన ముగ్గురు అద్దెవాళ్ళూ ప్రైవసీ లేదని మూడు నెలల్లో ఖాళీ చేసి తన కమీషన్ వెనక్కి అడిగారని, అదీ సంగతని వాపోయాడు. ఇన్ని రోజులకి వాడు చెప్పిన మొదటి నిజం.

అడ్వాన్స్ ఇచ్చాను. గ్రూపులో పెట్టడానికి అత్తయ్య ఫోటో ఒకటి పంపమన్నారు. అక్కడ చెయ్యి ఆగింది. వార్డులోకి ఆవిడ అడుగు పెడితే డాక్టర్లు సర్దుకుని నిలబడేవాళ్ళట. అలాంటి మనిషి ఫోటో, తప్పిపోతే పట్టుకోండి అన్నట్టు, నలభై ఒక్క ఇళ్ళ ఫోన్లలోనా? వీళ్ళు ఆవిణ్ణి పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తే? పిల్లలు వెనకపడి నవ్వితే? బాల్కనీ ఆవిణ్ణి అదే అడిగాను. ఆవిణ్ణి ఏమని పిలవాలి అని అడిగింది. సిస్టర్ అనేవాళ్ళు అన్నాను. సరే, సిస్టర్ గారే అంది.

నమ్మానా? సగం. ఆ సగంతోనే ఫోటో పంపాను. నర్సు టోపీతో ఉన్న పాత ఫోటో ఒకటి, ఇప్పటిది ఒకటి.

ఏప్రిల్ 2, మంగళవారం

సామాను దిగింది. ఎనిమిదిమంది వచ్చి బీరువాలో ఏముందని అడిగారు. మా ఆవిడ వాళ్ళకి జవాబులు చెబుతోంది, తిరిగి ప్రశ్నలు కూడా వేస్తోంది. నాకు తలనొప్పి.

ఏప్రిల్ 7, ఆదివారం

నేను కూరగాయలకి, మా ఆవిడ స్నానానికి. తలుపు వేసే ఉంది. అత్తయ్యే తీసుకుని బయలుదేరింది. వీధి గ్రూపులో మొదటి మెసేజి చూసి నేను సంచీ పడేసి పరిగెత్తబోతుంటే, వెనకే ఇంకొకటి, ఇంకొకటి వచ్చాయి. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

6.42. సిస్టర్ గారు బయలుదేరారు.

6.44. టైలరు షాపు దాటలేదు. పలకరించాను. డ్యూటీకి లేటైందన్నారు.

6.51. ఏడో నంబరులో ఉన్నారు. మా నాన్నకి మూడు రోజులుగా జ్వరం అని చెప్పాం. చెయ్యి పట్టుకుని వాచీ చూస్తున్నారు.

6.58. కిటికీ తియ్యమన్నారు. దుప్పటి మార్పించారు. మా అన్నయ్యని తిట్టారు.

7.15. మీరు రాకండి. ఇంకో ఇద్దరు పేషెంట్లు వచ్చి కూర్చున్నారు.

8.05. డ్యూటీ దిగారు. ఇంటికే వస్తున్నారు.